ఆసుపత్రిలో నిప్పు: లేచి పరుగెత్తలేని వారి సంగతి

మన సత్తెనపల్లి ప్రాంతంలో అగ్నిప్రమాదం అనగానే అందరికీ గుర్తొచ్చేవి రెండే. ఒకటి పత్తి జిన్నింగు మిల్లు, రెండోది మిర్చి కోల్డ్ స్టోరేజి. పత్తి బేలులో పడిన నిప్పు పైకి కనపడకుండా లోలోపలే రగులుతుందనీ, నీళ్ళు కొట్టి ఆరిందనుకున్నాక కూడా మర్నాడు మళ్ళీ లేస్తుందనీ మిల్లులో పనిచేసే ఏ హమాలీని అడిగినా చెబుతాడు. అందుకే మిల్లు లోపలికి బీడీ, అగ్గిపెట్టె తీసుకువెళ్ళనివ్వరు. సరుకు విషయంలో ఇంత జాగ్రత్త తెలిసిన ఊరు మనది. అదే మనం, మన మనిషిని ఆసుపత్రిలో చేర్చేటప్పుడు డాక్టరు ఎవరు, బిల్లు ఎంత, ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా అని అడుగుతాం. రాత్రి పూట నిప్పంటుకుంటే ఈ మనిషిని ఏ దారిన బయటికి తెస్తారు అని మాత్రం అడగం.

ఈ సంచికలో ఈ విషయం రాయాలని మేము అనుకోవడానికి కారణం ఉంది. మా సొసైటీ పని సగం ఆసుపత్రుల చుట్టూనే తిరుగుతుంది. రక్తదానం, పేద రోగులకు మందులు, రమజాన్‌లో రోగుల సహాయకులకు సహరీ, ఇఫ్తార్. అంటే ప్రమాదం జరిగితే అక్కడ ఉండేది మన రోగులే కాదు, మన కార్యకర్తలు కూడా.

విజయవాడ సంగతి ఇంకా ఎవరూ మరిచిపోయి ఉండరు. 2020 ఆగస్టు 9, ఆదివారం తెల్లవారుజామున ఐదు గంటల ప్రాంతం. ఒక ప్రైవేటు ఆసుపత్రి కోవిడ్ చికిత్సా కేంద్రంగా నడుపుతున్న స్వర్ణ ప్యాలెస్ హోటల్లో కింది భాగాన నిప్పు లేచింది. పొగ మెట్ల దారి పట్టుకొని పై అంతస్తులకు ఎక్కింది. కొందరు కిటికీల్లోంచి కిందికి దూకారు. 10 మంది చనిపోయారు. అంతకు మూడు రోజుల ముందే, ఆగస్టు 6న, అహ్మదాబాద్‌లోని ఒక కోవిడ్ ఆసుపత్రి ఐసీయూలో 8 మంది చనిపోయారు. ఆ వార్త చదివి అయ్యో అనుకున్నవాళ్ళం, మూడో నాటికి మన కృష్ణా తీరంలోనే చూశాం.

ఇల్లు కాలినా, దుకాణం కాలినా మనుషులు ముందు పరుగెత్తి బయటపడతారు, ఆ తర్వాత సామాను గురించి ఏడుస్తారు. ఆసుపత్రిలో అది కుదరదు. కాలికి కట్టు వేసి బరువు కట్టిన మనిషి లేవలేడు. సిజేరియన్ అయిన రోజు బాలింత బిడ్డను ఎత్తుకొని మెట్లు దిగలేదు. వెంటిలేటర్ మీద ఉన్నవాడికి మంట సంగతే తెలియదు. ఇంక్యుబేటర్‌లో పసికందు ఏడవడం తప్ప ఏమీ చేయలేదు.

దీని సంగతి ఆలోచిస్తే మాకు ఏర్వాడి గుర్తొస్తుంది. తమిళనాడు రామనాథపురం జిల్లాలోని ఏర్వాడి దర్గాకు మానసిక రోగులను తీసుకువెళ్ళే అలవాటు చాలా కుటుంబాల్లో ఉండేది. దర్గా పరిసరాల్లో అలాంటి వారి కోసం ప్రైవేటు ఆశ్రమాలు వెలిశాయి. 2001 ఆగస్టు 6న తెల్లవారుజామున అలాంటి ఒక ఆశ్రమంలో తాటాకుల పాక అంటుకుంది. లోపల ఉన్నవారిలో చాలామంది గొలుసులతో కట్టేసి ఉన్నారు. 28 మంది చనిపోయారు. గొలుసు వేసిన వారిని మనం తిట్టుకుంటాం, సరే. కానీ సెలైన్ గొట్టం, ఆక్సిజన్ మాస్కు, మత్తుమందు, కట్టు ఇవన్నీ కూడా, చికిత్స కోసమే అయినా, మనిషిని మంచానికి కట్టేసేవే. విడిపించి తీసుకువెళ్ళడానికి ఇంకొకరు రావాలి. ఆ ఇంకొకరు ఎవరు, ఎంతమంది, ఏ వేళకు వస్తారు అన్నదే ఆసుపత్రి అగ్ని భద్రతలో అసలు లెక్క.

మంట కన్నా ముందు ప్రాణం తీసేది పొగ. పోపులో నాలుగు ఎండుమిరపకాయలు మాడితే ఇల్లంతా దగ్గుతూ వాకిట్లోకి వచ్చేస్తాం. ఆ పొగ మన గొంతును హెచ్చరిస్తుంది, అది ఒక రకంగా మేలే. ఫోమ్ పరుపు, రెగ్జిన్, ప్లాస్టిక్ పైపులు, ఏసీ డబ్బా కాలినప్పుడు వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. ఫోమ్ కాలితే సైనైడ్ వాయువు కూడా వస్తుంది. నాలుగైదు గుక్కలకే తల తిరుగుతుంది, కాళ్ళు మాట వినవు. తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుంటే మసి కొంత ఆగుతుంది గానీ ఈ వాయువులు ఆగవు. కాబట్టి తడిగుడ్డ ధైర్యంతో పొగలోకి దూరడం మంచిది కాదు. వేడి పొగ పైకప్పు పట్టుకొని పోతుంది, నేల దగ్గర గాలి కాసేపు శుభ్రంగా ఉంటుంది. వంగి, అవసరమైతే పాకుతూ పోవాలి అనేది అందుకే.

పొగ ఎంత దూరం పోతుందో కోల్‌కతా చూపించింది. 2011 డిసెంబరు 9 తెల్లవారుజామున ఢాకూరియాలోని ఏఎంఆర్‌ఐ ఆసుపత్రిలో నిప్పు రాజుకున్నది నేలమాళిగలో. వాహనాలు నిలపాల్సిన చోట మండే సామాను నిల్వ చేశారు. పొగ ఏసీ గొట్టాల గుండా, మెట్ల గుండా పై అంతస్తులకు ఎక్కింది. భవనం చుట్టూ అద్దాలు, తెరుచుకునే కిటికీలు లేవు. సుమారు 90 మంది చనిపోయారు, చాలామంది మంట ముఖమే చూడకుండా, పడకల మీదనే. పొగ చూసి పక్క బస్తీ కుర్రాళ్ళు పరుగెత్తుకొచ్చారు. వారిని మొదట గేటు దగ్గరే కాపలావాళ్ళు వెనక్కి పంపేశారని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. అగ్నిమాపక శాఖకు కబురు కూడా ఆలస్యంగానే వెళ్ళింది. సొంతంగా ఆర్పేసుకుందాం, పేరు బయటికి పోకూడదు అనే ఆలోచన చాలాచోట్ల ఉంటుంది, అక్కడా అదే జరిగింది. అదే రాత్రి కేరళ నుంచి వచ్చి పనిచేస్తున్న ఇద్దరు యువ నర్సులు 8 మంది రోగులను బయటికి చేర్చి, తొమ్మిదో మనిషి కోసం వెళ్ళి తిరిగి రాలేదు.

నిప్పు ఎక్కడినుంచి వస్తుంది? మన దేశంలోని ఆసుపత్రి ప్రమాదాల్లో ఎక్కువగా వినపడే మాట షార్ట్ సర్క్యూట్. ఈ మాట ఒక రకంగా తప్పించుకునే మాట. పిడుగు పడ్డట్టు దానంతట అదే జరిగిందన్న అర్థం వస్తుంది. నిజానికి దాని వెనక నెలల తరబడి జరిగిన పని ఉంటుంది. ఇంటి కోసం వేసిన వైరింగు మీద ఆసుపత్రి నడుస్తుంది. ఒకటిన్నర టన్ను ఏసీ ఒక్కటే ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. ఇంట్లో అయితే రాత్రి నాలుగు గంటలు వేసి ఆపేస్తాం. ఐసీయూలో అది పగలూ రాత్రీ ఆగకుండా తిరుగుతుంది. అదే లైను మీద మానిటరు, సిరంజి పంపు, సక్షన్ మిషను, వార్మరు. ఎక్కడో ఒక స్క్రూ వదులైతే ఆ జాయింటు వేడెక్కుతుంది, తొడుగు పెళుసుబారుతుంది, ఒక రోజు అంటుకుంటుంది. లోడు ఎక్కువై ఎంసీబీ మాటిమాటికీ పడిపోతుంటే అది మనకు చెబుతున్న మాట వినాలి. చాలాచోట్ల వినరు. 16 ఆంపియర్లది తీసేసి 32 ఆంపియర్లది బిగిస్తారు. అక్కడితో ఎంసీబీ నోరు మూతపడుతుంది, వైరు మాత్రం పాతదే.

హదీసు గ్రంథాల్లో ఒక సంగతి ఉంది. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంటివాళ్ళ మీదే కాలిపోయినట్టు తెలిసినప్పుడు, పడుకునే ముందు నిప్పు ఆర్పేయమని దైవప్రవక్త (స) బోధించారు. ఎలుక దీపపు వత్తిని లాక్కుపోయి ఇల్లంటిస్తుందని కారణం కూడా వివరించారు. పదునాలుగు వందల ఏళ్ళ తర్వాత ఎలుక వత్తి లాగడం మానేసి, ఫాల్స్ సీలింగు పైన వైరు తొడుగు కొరుకుతోంది. నిద్రపోయే వేళ, ఎవరూ చూడని చోట అనే రెండు సంగతులు మాత్రం మారలేదు.

ఇక ఆక్సిజన్. దీని గురించి చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. ఆక్సిజన్ తనంతట తాను మండదు. కానీ మండేదాన్ని విజృంభింపజేస్తుంది. మామూలు గాలిలో అది 21 శాతం. గదిలో అది రెండు మూడు శాతం పెరిగినా చాలు, నిప్పురవ్వ పడితే నెమ్మదిగా కాలే దుప్పటి భగ్గుమంటుంది. కోవిడ్ రోజుల్లో కిటికీలు మూసిన గదుల్లో నిమిషానికి పదుల లీటర్ల చొప్పున ఆక్సిజన్ వదిలారు. సగం మాస్కుల పక్కల నుంచి గదిలోకే పోయింది. దుప్పట్లు, బట్టలు, జుట్టు దాన్ని పట్టుకుంటాయి. సిలిండరు వాల్వుకు నూనె, గ్రీజు, కొబ్బరినూనె చేతులు తగలకూడదంటారు. అది చాదస్తం కాదు. పీడనంతో వచ్చే ఆక్సిజన్‌కు నూనె తగిలితే అగ్గిపుల్ల లేకుండానే అంటుకోవచ్చు. 2021లో మన ఊళ్ళలో సిలిండర్లు మోసిన కుర్రాళ్ళు ఎంతోమంది. వాటిని నిలబెట్టి గొలుసు కట్టాలని, ఎండలో దొర్లించకూడదని అప్పుడు నేర్చుకున్నది ఇప్పటికీ గుర్తుంచుకోవాలి.

ధర్మ సంస్థ నడిపే ఆసుపత్రి కదా, పుణ్యం కాపాడుతుందిలే అనుకునే వారికి భరూచ్ సంగతి చెప్పాలి. గుజరాత్‌లోని ఆ పట్టణంలో ఒక ట్రస్టు నడిపే పటేల్ వెల్ఫేర్ ఆసుపత్రిని కోవిడ్ రోగుల కోసం కేటాయించారు. 2021 మే 1, అర్ధరాత్రి దాటాక ఐసీయూ అంటుకుంది. 16 మంది రోగులు, 2 నర్సింగ్ సిబ్బంది, మొత్తం 18 మంది చనిపోయారు. మిగతా వార్డుల్లో ఉన్న సుమారు 50 మందిని అగ్నిమాపక సిబ్బందితో పాటు చుట్టుపక్కల జనం వచ్చి బయటికి తెచ్చారు. అది రమజాన్ నెల.

ఈ గంటలు గమనించండి. ఏర్వాడి తెల్లవారుజామున. కోల్‌కతా తెల్లవారుజామున. విజయవాడ ఐదు గంటలకు. భరూచ్ అర్ధరాత్రి దాటాక. 2021 జనవరి 9న మహారాష్ట్ర భండారా జిల్లా ఆసుపత్రిలో 10 మంది పసికందులు పోయినదీ అర్ధరాత్రి దాటాకే. ఆ వేళ వార్డుకు ఒకరో ఇద్దరో నర్సులు ఉంటారు. డ్యూటీ డాక్టరు పైనో కిందో ఉంటాడు. వెనక గేటుకు దొంగల భయంతో తాళం పడుతుంది, తాళంచెవి వాచ్‌మన్ జేబులో ఉంటుంది. ఒక రోగిని మెట్ల మీదుగా దించాలంటే కనీసం నలుగురు కావాలి. ఇరవై పడకలుంటే ఆ లెక్క మీరే వేసుకోండి.

అందుకే పెద్ద ఆసుపత్రుల నిర్మాణంలో రోగిని ముందు కిందికి దించమని చెప్పరు, పక్కకు తరలించమంటారు. 2016 నాటి జాతీయ భవన నియమావళిలో ఉన్న పద్ధతి ఇది. ఒక్కో అంతస్తును మంటను ఆపగల గోడలు, తలుపులతో భాగాలుగా విభజిస్తారు. నిప్పు ఉన్న భాగంలోని రోగులను మంచంతో సహా అదే అంతస్తులోని రెండో భాగంలోకి తోసి తలుపు మూస్తారు. దాంతో చేతికి సమయం చిక్కుతుంది. భండారాలో కూడా పక్క విభాగంలో ఉన్న 7 మంది శిశువులను కాపాడగలిగారు. చిన్న ఆసుపత్రిలో అంత ఏర్పాటు ఉండదు. అక్కడ ఉన్న మామూలు తలుపును మూయడం కూడా తక్కువ సాయం కాదు. నిప్పున్న గదిలోంచి మనిషిని తీశాక తలుపు బార్లా తెరిచి పరుగెత్తకండి. మూసి వెళ్ళండి. పొగ వరండాలోకి రావడానికి ఆ కొన్ని నిమిషాలు ఆలస్యమైతే పక్క గది వాళ్ళు బతుకుతారు.

అదే నియమావళి ప్రకారం ఆసుపత్రి మెట్ల వెడల్పు 2 మీటర్లు ఉండాలి. ఇప్పుడు మన చిన్న పట్టణాల్లోని చాలా నర్సింగు హోములను తలుచుకోండి. నివాసానికి కట్టిన మేడ, కింద మందుల దుకాణం, పైన పడకలు, మధ్యలో ఇద్దరు ఎదురైతే పక్కకు తిరగాల్సిన ఒకే ఒక మెట్ల దారి, ఆ మెట్ల కింద జనరేటరు లేదా ఇన్వర్టరు బ్యాటరీలు. పైకి ఎక్కే దారీ, పొగ పుట్టే చోటూ ఒకటే. మేము ఎవరినీ వేలెత్తి చూపడం లేదు. తక్కువ ఖర్చులో వైద్యం అందించేది కూడా ఆ ఆసుపత్రులే, గుంటూరు దాకా పోకుండా ప్రాణాలు నిలబెట్టేదీ అవే. అయినా జనరేటరును మెట్ల కింద నుంచి వాకిట్లోకి మార్చడానికి చట్టం వచ్చి చెప్పాల్సిన పని లేదు.

చట్టం లేదని కాదు. మన రాష్ట్రానికి 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం ఉంది. 2020 నవంబరులో రాజ్‌కోట్ కోవిడ్ ఆసుపత్రి కాలిన తర్వాత సుప్రీంకోర్టు తనంతట తానే కల్పించుకొని, డిసెంబరులో ప్రతి కోవిడ్ ఆసుపత్రికీ ఒక బాధ్యుడైన అధికారిని నియమించాలనీ, నెలకొకసారైనా అగ్ని భద్రత తనిఖీ చేయాలనీ రాష్ట్రాలను ఆదేశించింది. తర్వాత నాలుగు నెలలకే భరూచ్. 2024 నవంబరు 15 రాత్రి ఝాన్సీ వైద్య కళాశాల శిశు విభాగంలో మళ్ళీ 10 మంది పసికందులు. తనిఖీ కాగితం ఫైలులో ఉంటుంది, ఎక్స్‌టెన్షన్ బాక్సు మంచం కింద ఉంటుంది. ఆ రెంటికీ ముఖపరిచయం ఉండదు.

ఇంతవరకు ఆసుపత్రి వారి మాట. ఇక మన వైపు. వార్డులో రోగి పక్కన ఉండే మనం ఏం చేస్తున్నాం? పాలు కాచడానికి కాయిల్ హీటరు సంచిలో దాచి తెచ్చే ఖాలాలు ఉన్నారు. వైద్య పరికరానికి ఉంచిన ప్లగ్గు పీకి ఫోను పెట్టేవాళ్ళున్నారు. దుఆ కోసం వచ్చి రోగి తలాపున ఊదువత్తులు వెలిగించే పెద్దలున్నారు, పక్క మంచం వాడికి ఆక్సిజన్ పెట్టి ఉంటుంది. మెట్ల మలుపులో చాప పరిచి రాత్రి పడుకుంటాం, టిఫిను క్యారియర్లు, సంచులు, చెప్పులు అక్కడే. ఒక రోగికి పదిమంది చొప్పున పరామర్శకు వెళ్ళడం మనకు మర్యాద. ఆ పదిమందీ ఒకే మెట్ల మీద ఉన్నప్పుడు పొగ వస్తే ఏమవుతుందో ఆలోచించాలి.

రోగిని చేర్చిన రోజునే ఒక్కసారి అంతస్తంతా నడిచి చూడండి. రెండో దారి ఉందా, దానికి తాళం ఉందా, తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? గోడకు వేలాడే ఎర్ర సిలిండరు ముల్లు పచ్చ భాగంలో ఉందా? వాడాల్సి వస్తే పిన్ను లాగి, గొట్టాన్ని మంట పైభాగానికి కాక మొదలుకు గురిపెట్టి, పిడి నొక్కి అటూ ఇటూ ఊపాలి. నాలుగైదు కిలోల పౌడరు సిలిండరు మహా అయితే పదిహేను ఇరవై సెకన్లు వస్తుంది. బుట్టలో మంటకు అది చాలు, గదిలో మంటకు చాలదు. వెనక దారి తెరిచి ఉందో లేదో చూసుకొనే నిలబడాలి. కరెంటు మంట మీద నీళ్ళు పోయకూడదని అందరికీ తెలుసు, కంగారులో పోసేస్తారు. వార్డు ఆక్సిజన్ వాల్వును నర్సు చెబితే తప్ప ఎవరూ ముట్టకూడదు, దాని మీద ఇతరుల ఊపిరి ఆధారపడి ఉంటుంది. లిఫ్టు ఎక్కకూడదు. 101 లేదా 112కు ఫోను ముందే చేయాలి, ఆర్పడానికి ప్రయత్నించాక కాదు.

నడవలేని మనిషిని ఎత్తడం రాకపోతే దుప్పటి చాలు. రోగిని దుప్పటితో సహా నేల మీదకు దించి, తల వైపు అంచులు ముడిచి పట్టుకొని లాగితే ఒక్కరే వరండా దాటించవచ్చు. పొగకు కింద ఉండటం వల్ల రోగికీ మేలే. మెట్ల దగ్గర మాత్రం నలుగురు పట్టాలి. పత్తి బోరెం మెట్ల మీద దించే మనవాళ్ళకు ఇది ఒక్క పూటలో వస్తుంది.

వచ్చే ఏడాది కోసం మేము అనుకున్నది ఇదే. తెల్లవారుజామున ఊళ్ళో మెలకువగా ఉండేది ఫజర్ నమాజుకు బయలుదేరేవారు, పాలవాళ్ళు, మార్కెట్టుకు వెళ్ళేవారు. ఆసుపత్రుల దగ్గరి మస్జిదులకు వచ్చే యువకులనూ, ఆయా వీధుల్లోని అన్ని మతాల కుర్రాళ్ళనూ కలిపి చిన్న బృందాలుగా చేసి, అగ్నిమాపక కేంద్రం వారిని శిక్షణ ఇవ్వమని కోరాలని కార్యవర్గం ముందు ప్రతిపాదన పెడుతున్నాం. ఆసుపత్రి యజమానులతో ముందే మాట్లాడి, ఆపద వేళ వీరిని గేటు దగ్గర ఆపకుండా ఒప్పందం చేసుకోవాలి. కోల్‌కతాలో తిరిగిపోయిన ఆ కుర్రాళ్ళు మా మనసులో ఉన్నారు. పొగ నిండిన గదిలోకి శిక్షణ లేనివారు వెళ్ళకూడదన్నది ఈ బృందాల మొదటి నిబంధన. పక్క వార్డులు ఖాళీ చేయించడం, అంబులెన్సుకు దారి చేయడం, బయటికి వచ్చిన వారి పేర్లు రాసుకోవడం, ఇవి వాళ్ళ పనులు.

దాతలకు ఒక మాట. ఆసుపత్రికి సదకా ఇవ్వాలనుకున్నవారు ఎక్కువగా ఫ్యాను, కూలరు, కుర్చీలు ఇస్తామంటారు. వాటి మీద తల్లిదండ్రుల పేరు రాయించవచ్చు. వైరింగు మీద ఎవరి పేరూ రాయలేం. అయినా ఈసారి వచ్చే విరాళాల్లో కొంత భాగం, మనం సాయం చేసే వార్డుల్లో పాత వైరింగు మార్పించడానికి, కరెంటు పోయినా మెట్ల మీద వెలిగే అత్యవసర దీపాలకు కేటాయించాలని అడుగుతున్నాం. ఇష్టమైనవారు కార్యాలయంలో రసీదు రాయించుకునేటప్పుడు ఆ మాట చెబితే ఆ పద్దు కిందనే జమ చేస్తాం.